పేనుకొరుకుడును గొంతుగ్రంథియు: ఒక చుట్టరికపు చరిత్ర

తలపైగాని, గడ్డమునగాని, మీసమునగాని రూపాయిబిళ్లంత మేర వెండ్రుకలు రాలిపోయి చర్మము నున్నగా బయటపడినచో మన పల్లెలలో “పేను కొరికినది” అని యందురు. అందువలననే ఆ వ్యాధికి పేనుకొరుకుడని పేరు కలిగినది. అందు నొప్పి లేదు; పొట్టు రాలదు; పుండు పడదు. నిన్నటిదాక లేని మచ్చ నేడు కనబడును. అంతియే. కాని పేనునకును ఈ వ్యాధికిని ఏ సంబంధమును లేదు. పేను నెత్తురు త్రాగునే గాని వెండ్రుకను కొరుకదు.

మరి దేనితో సంబంధమున్నది? గొంతు ముందుభాగమున, కంఠమణికి దిగువను, సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్లుండు చిన్న గ్రంథి యొకటి కలదు. దానిని థైరాయిడు గ్రంథి యందురు. మన పాఠ్యగ్రంథములలో అవటుగ్రంథి యని వ్రాయుదురు. ఆ గ్రంథికి వచ్చు కొన్ని వ్యాధులకును, ఈ పేనుకొరుకుడునకును చుట్టరికము కలదని నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది. తల యెక్కడ, గొంతు ఎక్కడ! ఈ చుట్టరికమును కనుగొనుటకు మనుష్యజాతికి రెండువేల సంవత్సరములు పట్టినది. తెలియని కాలమున ఎందరో పిల్లలు అంటురోగులని దూరముగా నుంచబడిరి. సగము తెలిసిన కాలమున ఎందరో అక్కరలేని మందులు మ్రింగిరి. నేడు పూర్తిగా తెలిసికొనగల కాలము వచ్చినది గనుక ఆ చరిత్రను పెద్దలకు మనవి చేయుచున్నాను.

మన సుశ్రుతసంహితలో ఈ రెండు వ్యాధులును వర్ణింపబడియున్నవి. నిదానస్థానమున 11వ అధ్యాయములో గలగండము, అనగా గొంతువాపు, చెప్పబడినది. 13వ అధ్యాయములో క్షుద్రరోగముల నడుమ ఇంద్రలుప్తము చెప్పబడినది. పిత్తము వాతముతో కూడి రోమకూపములను చేరి వెండ్రుకలను రాల్చుననియు, పిమ్మట శ్లేష్మము రక్తముతో కలిసి ఆ కూపములను మూసివేయుటచేత క్రొత్తవి మొలవవనియు అందలి అభిప్రాయము. వెండ్రుక మొలచు గుంటయందే కీడున్నదని ఆ పూర్వులు గుర్తించుట మెచ్చదగిన విషయమే. అయినను గలగండ మొక అధ్యాయమున, ఇంద్రలుప్తము వేరొక అధ్యాయమున నిలిచిపోయినవి. రెంటిని ఒకచోట చేర్చి చూచుటకు అప్పుడు ఏ ఆధారమును లేకుండెను.

పాశ్చాత్య దేశములందును ఇదే స్థితి. వెండ్రుకలు రాలుటకు గ్రీకులు పెట్టిన అలొపీషియా యను పేరు నక్కను తెలుపు మాటనుండి పుట్టినది. గజ్జిపట్టిన నక్క యొడలివలె నుండుననుట దాని భావము. మొదటి శతాబ్దమున రోమకుడైన సెల్ససు, తల వెనుకభాగమున మొదలై చెవులవైపునకు ప్రాకు రకమునకు పామును సూచించు పేరును వ్రాసియున్నాడు. ఒకరికి నక్క, ఒకరికి పాము, మనకు పేను. కారణము తెలియనప్పుడు మానవుడు ఏదో యొక జంతువుపై నేరము మోపుట అన్ని దేశములకును సమానమే.

19వ శతాబ్దమున సూక్ష్మదర్శని వైద్యుల చేతికి వచ్చిన పిమ్మట ఆ నేరము జంతువునుండి సూక్ష్మజీవికి మారినది. 1843లో పారిసు నగరమున గ్రూబీ యను వైద్యుడు, తలపై వెండ్రుకలు రాల్చు మచ్చలలో ఒక బూజును చూచి ప్రకటించెను. తలకు పట్టు తామరకు బూజే కారణమనుట సత్యము. అయితే తామర వేరు, పేనుకొరుకుడు వేరు. తామరయందు పొట్టు రాలును, దురద పుట్టును, ఒకరినుండి ఒకరికి అంటును. పేనుకొరుకుడు అంటదు. ఈ భేదము స్థిరపడక పూర్వము రెండును ఒకటే యని భ్రమపడి, ఈ వ్యాధిగల పిల్లలను అంటురోగులనుగా చూచి బడులనుండి తొలగించుట ఐరోపాలో జరిగినది. పారిసు నగరపు సాబురో గొప్ప చర్మవైద్యుడు. ఆయనయే 19వ శతాబ్దాంతమున దీనికి ఒక సూక్ష్మజీవి కారణమని తలచి, తరువాత ఆ వాదమును విడిచిపెట్టెను. నరముల బలహీనత యనువారు కొందరు, పుచ్చిన పండ్లు కారణమనువారు మరికొందరు. ఈ వివాదము ఒకవైపు సాగుచుండగా, గొంతుగ్రంథి చరిత్ర వేరొకవైపున నడచుచుండెను.

ఆ గ్రంథికి 1656లో థైరాయిడని పేరుపెట్టినవాడు ఆంగ్లవైద్యుడైన వార్టను. డాలును తెలుపు గ్రీకు మాటనుండి ఆ పేరును తీసికొనెను. అది మెడకు నునుపును గుండ్రదనమును కల్పించి అందము చేకూర్చుటకు ఉన్నదని ఆయన ఊహించెను. దాని నిజమైన పని మరి రెండువందల ఏండ్లవరకు ఎవరికిని బోధపడలేదు. 1835లో డబ్లిను నగరమున గ్రేవ్సు, 1840లో జర్మనీలో బాసెడో, గ్రంథి యుబ్బి, గుండె వేగముగా కొట్టుకొని, కనుగ్రుడ్లు ముందుకు వచ్చు వ్యాధిని వర్ణించిరి. 1873లో లండనులో గల్లు అను వైద్యుడు దీనికి విరుద్ధమైన స్థితిని తెలిపెను: నడివయస్సు స్త్రీలకు ముఖ ముబ్బుట, మాట మందగించుట, బుద్ధి మాంద్యము, చలికి తాళలేకుండుట. 1878లో ఆర్డు దానికి మిక్సిడీమా యని పేరు పెట్టెను.

ఈ స్థితికి కారణము గ్రంథి లోపమేయని స్విట్జర్లండు దేశపు శస్త్రవైద్యుడైన కోకరు అనుభవమువలన తేటపడినది. బెర్ను నగరమున ఆయన గలగండ రోగుల గ్రంథులను నేర్పుతో కోసి తీసివేయుచుండెను. గ్రంథిని మొత్తముగా తీసివేసిన వారిలో 18 మందిని మరల పిలిపించి పరీక్షింపగా 16 మంది మందబుద్ధులై, ఉబ్బినవారై, నీరసించి కనబడిరి. 1883లో కోకరు ఈ సంగతిని దాచక లోకమునకు తెలిపెను. తన చేతి పనివలన కలిగిన కీడును తానే ప్రకటించుట సామాన్యము కాదు. థైరాయిడు విషయమున ఆయన చేసిన కృషికి 1909లో నోబెలు బహుమానము లభించినది.

1891లో ఇంగ్లండునందు న్యూకాసిలు పట్టణమున మర్రే యను యువవైద్యుడు గొఱ్ఱె థైరాయిడు గ్రంథినుండి సారమును తీసి, మిక్సిడీమాతో బాధపడుచున్న 46 ఏండ్ల స్త్రీకి సూదిమందుగా నెక్కించెను. ఆమె కోలుకొని, ఆ సారమునే సేవించుచు మరి 28 సంవత్సరములు జీవించి 1919లో మరణించెను. ఆమెకు వాడిన మందునకు 870కి పైగా గొఱ్ఱెల గ్రంథులు పట్టినవని మర్రే లెక్క వ్రాసియున్నాడు. ఒక గ్రంథి చేయవలసిన పనిని బయటనుండి మందుచేత చేయింపవచ్చునని లోకము తెలిసికొనినది ఆనాడే. తరువాత 1914లో అమెరికాలో కెండలు ఆ సారములోని ముఖ్యపదార్థమును విడదీసి థైరాక్సిన్ అను పేర ప్రసిద్ధము చేసెను. నేడు రోగులు ఉదయము పరగడుపున మ్రింగు చిన్న మాత్ర దాని సంతతియే.

ఇచ్చట మన కథలో మొదటి ముడి పడినది. థైరాయిడు తగ్గినవారికి వెండ్రుకలు పొడిబారి, పెళుసై, తలయంతట పలుచబడును. కనుబొమల వెలుపలి కొనలు రాలిపోవును. గ్రంథిసారమును ఇచ్చిన పిమ్మట అవి మరల మొలచుట వైద్యులు కన్నులార చూచిరి. ఇక ఆశకు హద్దేమున్నది? 1893లో ఎడింబరో నగరమున బ్రామ్‌వెలు దీనిని సోరియాసిసను చర్మరోగమునకు వాడిచూచెను. ఇతరులు రకరకముల చర్మవ్యాధులకును, వెండ్రుకలు రాలుటకును వాడిచూచిరి. థైరాయిడు లోపము లేనివారికి దీనివలన మేలు కలుగలేదు సరికదా, మోతాదు మించినచో గుండెదడ, వణుకు, బలహీనత కలుగును; తుదకు ఉన్న వెండ్రుకలే రాలును. కావున గ్రంథికిని వెండ్రుకకును ఒక సంబంధమున్నదని తెలిసినది గాని, పేనుకొరుకుడు విషయమున ఆ సంబంధ మెట్టిదో తెలియలేదు.

రెండవ ముడి జపానుదేశమున పడినది. 1912లో ఫుకువోకా నగరమున హషిమొటో హకరు అను యువశస్త్రవైద్యుడు నలుగురు స్త్రీల థైరాయిడు గ్రంథులను సూక్ష్మదర్శనితో పరీక్షించి, అందు రక్తమునందలి తెల్లకణములలో ఒక తెగ, అనగా లింఫు కణములు, క్రిక్కిరిసి చేరియున్నవని కనుగొనెను. అచ్చట పుండు లేదు, చీము లేదు, పరాయి సూక్ష్మజీవి లేదు. సైన్యము దిగియున్నది, శత్రువు మాత్రము కానరాడు. హషిమొటో ఈ సంగతిని ఒక జర్మను పత్రికలో ప్రకటించెను. తరువాత ఆయన స్వస్థలమునకు మరలిపోయి ఊరివైద్యుడుగా జీవించి, 1934లో సన్నిపాత జ్వరముచేత మరణించెను. తన పేరు ప్రపంచ వైద్యగ్రంథములకెక్కునని ఆయన ఎరుగడు.

ఆ సైన్యము ఎవరిపై దిగినది? జర్మనుపండితుడైన ఎర్లిఖు 20వ శతాబ్దారంభమున, శరీరము తన్ను తాను హింసించుకొనుటకు సహజముగా జంకునని చెప్పియుండెను. ఆయన మాటకున్న గౌరవమువలన, శరీరరక్షకశక్తి తన శరీరమునే గాయపరచుననుటకు చాలమంది సాహసింపలేదు. 1956లో ఆ సందేహము తీరినది. లండనులో రాయిటు, డోనియాకు అనువారును వారి సహచరులును హషిమొటో వ్యాధిగల వారి రక్తపు తేటను, మానవ థైరాయిడు సారముతో కలుపగా తెల్లని మడ్డి ఏర్పడినది. రోగి రక్తమునందు తన గ్రంథికే విరోధియైన పదార్థము కలదన్నమాట. అదే సంవత్సరము అమెరికాలో బఫెలో నగరమున రోజు, విటెబ్స్కీ అనువారు కుందేళ్లలో ఇట్టి విరోధమును కల్పించి గ్రంథి చెడుటను చూపిరి. న్యూజీలండులో ఆడమ్సు, పర్వెసు అనువారు గ్రేవ్సు వ్యాధిగలవారి రక్తములో గ్రంథిని అతిగా ప్రేరేపించు పదార్థమును ఆ యేటనే కనుగొనిరి. అదియు ఇట్టిదేయని తరువాత స్థిరపడినది.

పెద్దలకు దీనిని ఒక్క సామెతతో చెప్పవచ్చును: కంచే చేను మేయుట. శరీరమునకు రోగములనుండి కాపుదల యిచ్చు కణములు తనవారిని పరాయివారిని వేరుపరుపగలవు. ఏ కారణముననో ఆ తెలివి తప్పినప్పుడు అవి తన యింటినే ముట్టడించును. గొంతుగ్రంథిని ముట్టడించి నాశము చేసినచో హషిమొటో వ్యాధి. దానినే కొరడాతో తోలినట్లు అతిగా పనిచేయించినచో గ్రేవ్సు వ్యాధి. క్లోమమునందు ఇన్సులిను చేయు కణములను ముట్టడించినచో పిల్లలకు వచ్చు ఒక విధమైన మధుమేహము. చర్మపు రంగు కణములను ముట్టడించినచో బొల్లి. వెండ్రుక మూలమును ముట్టడించినచో, అదిగో, మన పేనుకొరుకుడు.

వెండ్రుక విషయమున ఇది ఊహ మాత్రము కాదు. మచ్చ అంచునుండి చిన్న చర్మఖండమును తీసి చూచినచో, హషిమొటో గ్రంథియందు చూచిన జాతి లింఫు కణములే వెండ్రుక మొదలు చుట్టును తేనెటీగలవలె ముసిరియుండును. అయితే వెండ్రుకను మరల మొలిపించు మూలకణములు చెడవు. కావుననే అనేకులకు ఏ మందును లేకయే కొన్ని నెలలలో వెండ్రుకలు మొలచును. తొలుత తెల్లగా వచ్చి తరువాత నల్లబడుటయు కలదు. పూసిన మందు మేలు చేసినదని పెక్కుసార్లు మనము తలచుట ఇందువలననే.

ఇక రెండు వ్యాధులను ఒక్కచోట లెక్కించుట మిగిలినది. 1963లో అమెరికాలోని మేయో వైద్యశాలకు చెందిన ముల్లరు, వింకెల్మను అనువారు పేనుకొరుకుడుగల 736 మంది వివరములను పరిశీలించి, వారిలో నూటికి 8 మందికి థైరాయిడు వ్యాధి కలదని ప్రకటించిరి. ఇది సామాన్యజనులలో కనబడుదానికంటె మిక్కిలి హెచ్చు. 1969లో ఇంగ్లండున కన్లిఫు, హాలు మొదలగువారు పేనుకొరుకుడును, థైరాయిడు వ్యాధిని, స్వయంవిరోధమును ఒక్క వ్యాసమున చేర్చి చర్చించిరి. వేర్వేరు అధ్యాయములలో నుండినవి ఒక్క పుటకు వచ్చినవి. 2010లో న్యూయార్కునగరమందలి కొలంబియా విశ్వవిద్యాలయమున క్రిస్టియానో యను విదుషియు ఆమె సహచరులును 1,054 మంది రోగుల వంశబీజములను, 3,278 మంది ఇతరుల వానితో పోల్చి చూచిరి. ఆమెయు ఈ వ్యాధి ననుభవించినదే. పేనుకొరుకుడునకు అనుకూలించు బీజాంశములలో కొన్ని ఇతర స్వయంవిరోధ వ్యాధులకు అనుకూలించునవే యని తేలినది. ఒకే వంశమున ఒకరికి బొల్లి, ఒకరికి గొంతువాపు, ఒకరికి తలమచ్చ ఎందులకు కనబడునో దీనివలన బోధపడును. అది శాపమును కాదు, దోషమును కాదు. కుటుంబములో ముక్కు తీరు వచ్చినట్లు వచ్చిన ఒక మొగ్గు మాత్రమే.

ఇప్పుడు చుట్టరికము స్వభావమును సరిగా గ్రహింపవలెను. థైరాయిడు లోపము వలన తలయంతట వెండ్రుకలు పలుచబడుట తల్లిబిడ్డల సంబంధము వంటిది. ఒకటి రెండవదానికి కారణము. గ్రంథికి మందిచ్చినచో వెండ్రుకలు కోలుకొనును. పేనుకొరుకుడునకును థైరాయిడు వ్యాధికిని గల సంబంధము అట్టిది కాదు. అది అక్కచెల్లెండ్ర సంబంధము. రెంటికిని పుట్టిల్లు ఒకటే, కాని ఒకదానినుండి ఒకటి పుట్టలేదు. కావున థైరాయిడు మాత్ర గ్రంథిలోపమును తీర్చునే గాని గుండ్రని మచ్చపై వెండ్రుకలను మొలిపించునని నమ్మరాదు. మచ్చ పోయినంతమాత్రమున గ్రంథి బాగుపడినదనియు తలపరాదు.

మరియొక భేదమును కూడ చెప్పవలెను. గొంతువాపులన్నియు ఇట్టివి కావు. కొండప్రాంతములలో అయొడిను కొరతచేత వచ్చు గలగండము వేరు. శ్రీకాకుళమున 1921లో జన్మించి, విశాఖపట్టణమున వైద్యము చదివిన వులిమిరి రామలింగస్వామిగారు 1956 మొదలు కాంగ్డా లోయలో సహచరులతో పరిశోధించి, ఉప్పులో అయొడిను కలిపి యిచ్చినచో గలగండము తగ్గునని నిరూపించిరి. దేశమున గలగండ నివారణ కార్యక్రమము 1962లో ఆరంభమైనది. తెలుగువారు గర్వింపదగిన కృషి యిది. అయితే ఆ ఉప్పు అయొడిను కొరతను తీర్చును. కంచె చేను మేయుటను మాన్పజాలదు.

కావున ఇంటి పెద్దలు చేయవలసినదేమి? బిడ్డ తలపై మచ్చ కనబడినచో మొదట భయపడకుడు, వెలివేయకుడు. దువ్వెన, దుప్పటి వేరుచేయ నక్కరలేదు. పొట్టును, దురదయు ఉన్నచో తామర కావచ్చును. దానికి వేరు మందున్నది. గురువిందగింజను అరగదీసి పూయుట మన ఊళ్లలో వాడుక. ఆ గింజలో తీవ్రమైన విషము కలదు. చర్మము పొక్కుటయే గాక, పిల్లలు నమలి మ్రింగినచో ప్రాణాపాయము. రెండవది, మచ్చను చూచిన కన్నుతోనే గొంతును కూడ చూడవలెను. గొంతు ఉబ్బినదా? నీరసము, మలబద్ధము, చలి యోర్వలేకుండుట, కారణములేక ఒడలు పెరుగుట కలవా? లేక గుండెదడ, వణుకు, ఒడలు తగ్గుట కలవా? పిల్లలు ఎత్తు ఎదుగక, చదువున మందగించుచున్నారా? కుటుంబమున థైరాయిడు వ్యాధి యున్నదా? ఇందేది యున్నను వైద్యునితో చెప్పినచో కొంచెము రక్తముతో చేయు పరీక్షచేత సంగతి తేలును. థైరాయిడు లోపము ఏండ్లతరబడి తెలియకుండ మనిషిని క్రుంగదీయును. గర్భిణీస్త్రీకిని బిడ్డకును కీడు చేయును. కనుగొన్నచో సులభముగా చికిత్స చేయవచ్చును.

నూటికి 8 మంది యను లెక్కను రెండువైపుల చదువవలెను. ఆ యెనమండుగురి కొరకు గొంతును పరీక్షింపవలెను. తక్కిన 92 మంది కొరకు థైరాయిడు మందును తొందరపడి మ్రింగకుండవలెను. మచ్చకు వేరుగ చికిత్సలు కలవు. వైద్యులు మచ్చలో సన్నని సూదితో మందెక్కింతురు. ఈ వ్యాధి తీవ్రముగా నున్న పెద్దలకై 2022లో అమెరికా ప్రభుత్వము బారిసిటినిబ్ అను మాత్రను అంగీకరించినది. అది శరీరరక్షకశక్తిని అణచునది గనుక నిపుణుల పర్యవేక్షణయందే వాడదగినది.

పెండ్లికి ఎదిగిన ఆడపిల్ల తలపై మచ్చ కనబడిన యింట ఎంత దుఃఖము కలుగునో పెద్దల కెరుకయే. అమెరికాలో ఒక జిల్లా వైద్యపత్రములను పరిశీలించి 1995లో ప్రకటించిన లెక్క ప్రకారము, నూటికి ఇంచుమించు 1.7 మంది జీవితకాలములో ఎప్పుడో యొకప్పుడు ఈ వ్యాధికి లోనగుదురు. ఇంత సామాన్యమైన వ్యాధికి నక్కను, పామును, పేనును, చివరకు ఆ పిల్ల జాతకమును తప్పుపట్టుట ఇక చాలును. పేను కొరుకలేదని ఆ యింటివారికి చెప్పుడు; గొంతును ఒకసారి వైద్యునికి చూపింపుడని చెప్పుడు. రెండువేల ఏండ్ల అన్వేషణ ఫలమును ఒక బిడ్డకు అందించినవారగుదురు.